ద్రాక్ష తోట మీద మబ్బు

పెనుకొండలో దిగవలసినదాన్ని, కునుకు పట్టి హిందూపురంలో తేలాను. గుంటూరు నుంచి రైల్లో రాత్రంతా కూర్చునే వచ్చాను, నడుము విరిగిపోతోంది. ఈ తిప్పలన్నీ మా ఆయన పుణ్యమే. బాపట్ల దగ్గర మా ఇసుక చేలో జీడిమామిడి కొట్టేసి ద్రాక్ష వేస్తానంటారు. "నువ్వెళ్లి చూసిరా, నా మోకాలు సహకరించదు" అన్నారు. మోకాలు ఆయనది, యాతన నాది.

బస్టాండులో ఇడ్లీ తిని ఎనిమిదింటికి పెనుకొండ బస్సెక్కాను. మార్చి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. దారంతా రాళ్ల గుట్టలు, ఎర్రమట్టి. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ దగ్గర సగం బస్సు ఖాళీ అయింది.

"యాడికి పోతాండావమ్మా?" అన్నాడు పక్క సీటు పెద్దాయన.

"ద్రాక్ష తోట చూడటానికి."

"ఈ ఎండకా!" అని నవ్వాడు.

మా చెల్లెలి తోడికోడలు నాగరత్నది ఆ తోట. పెనుకొండ నుంచి ఆటోలో వెళ్లాను. పందిరి కింద అడుగుపెట్టగానే ప్రాణం లేచొచ్చింది. గుత్తులు నెత్తికి తగులుతున్నాయి.

"ఈ గరుకు నేలలో నీళ్లు నిలబడవక్కా. గాలి కూడా పొడిగా ఉండాది, అందుకే ఇంత తీపి. చెమ్మ తగిలితే బూజు పడతాది" అంది నాగరత్న. మర్నాడు పొద్దున్నే కోత, వ్యాపారి లారీ వస్తుందట.

మధ్యాహ్నం రాగి సంకటి, ఊరుబిండి అనే పల్లీల పచ్చడి పెట్టింది. తింటుండగా పడమట మబ్బు పట్టి చల్లగాలి వీచింది. కోస్తా నోరు, ఊరుకోదు కదా!

"అబ్బ, వానొచ్చేట్టుంది, ఎంత హాయిగా ఉందో!" అన్నాను.

నాగరత్న భర్త సంకటి వదిలేసి తోటలోకి వెళ్లిపోయాడు.

"ఇప్పుడు వాన పడితే పండు పగులుతాదక్కా. ఏడాది కష్టమంతా ఆ గుత్తుల్లోనే ఉండాది" అంది నాగరత్న. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం బస్సులో ధర్మవరం చేరాను. పట్టుచీరల కొట్లవైపు చూసే ఓపిక కూడా లేదు. ప్లాట్‌ఫారం మీద కూర్చోగానే టపటపా వాన. "పడనీ తల్లీ, పడనీ!" అంటూ ఓ నేతాయన చీరల మూటను లోపలికి జరిపి, చేతులు బయటికి చాచాడు. నేను మాత్రం గబగబా నాగరత్నకు ఫోన్ చేశాను.

"ఈడ చినుకు లేదక్కా. మబ్బు మీ తట్టుకే వచ్చింది. ఆడే పడనీలే. మా ఆయప్ప ఇంకా పందిరి కిందే నిలబడుకోనుండాడు."

రైలెక్కాక మా ఆయన ఫోన్.

"ద్రాక్ష ఎలా ఉంది?"

"తియ్యగా ఉంది. మన సముద్రం గాలికి అది బతకదు, జీడిమామిడి మీద చెయ్యి వేయకండి. బతికినా వద్దు. మబ్బు పడితే అన్నం వదిలేసి లేచే పంట మనకొద్దండీ" అన్నాను.