పెరిగింది అనే మనిషి

"పుస్తెల గొలుసు పెరిగిందేమిటే?" అన్నారు మా ఆయన, జ్వరంలో నా మెడ తడుముతూ.

"లేదండీ, మీరు అతికినట్టే ఉంది" అన్నాను. మా ఇద్దరికీ అవే ఆఖరి మాటలు.

నరసాపురంలో మాది కంసాలి కొట్టు. ఆయన బంగారు తీగను ఇనప పుల్లకు బిగించి చుట్టి, దాని మీద నిలువునా సన్నరంపం నడిపేవారు. గొలుసులో వేసే చిన్న చుట్లు ఒక్కొక్కటే ఒళ్లో గుడ్డమీద రాలేవి. గాజు చిట్లినా, తాళి తాడు పుటుక్కుమన్నా ఆడవాళ్లం చెడు మాట అనకుండా 'పెరిగింది' అంటాం కదా, రంపం కింద తీగకూ ఆయనది అదే మాట. చుట్టు రాలినప్పుడల్లా "పెరిగింది" అనేవారు.

"అంత పెరిగితే మాకూ కాస్త పెట్టవయ్యా!" అని బేరానికొచ్చినవాళ్లు ఎకసెక్కాలాడేవారు. ఆయన నవ్వుతూ రంపం నడిపేవారు.

ఆయన పోయిన పదోనాడు నా గొలుసు తీయబోతే రాలేదు. పుస్తెల పక్కనున్న చుట్టును ఆయన అతుకు కనబడకుండా కరిగించి మూసేశారు. చిన్నవాడని చూడకుండా మరిది కాళ్లు పట్టుకున్నాను.

"అది మీ అన్నయ్య చేతి చుట్టయ్యా. నా మెడ కొయ్యి, దాన్ని కొయ్యకు."

మరిది ఏడుస్తూనే ఆయన రంపమే పెట్టాడు. "తెగింది వదినా" అన్నాడు.

ఆ మాట అప్పట్నించీ చెవిలోంచి పోవడం లేదు. ముద్ద మింగబోయినా అదే వినబడుతోంది. అక్క కొడుకువి, నాకు రాత రాక నీచేత రాయిస్తున్నాను. మరిది అన్నది కొట్టేసి, అక్కడ 'పెరిగింది' అని పెట్టు నాయనా.

పెట్టావా? ఏదీ, మొదటినుంచి చదువు.