పైపెదవి మీద మొక్కు

నా పైపెదవిని రెండుసార్లు కుట్టారు. మొదటిసారి నాకు ఏడాది కూడా నిండలేదు, నన్నెవరూ అడగలేదు. రెండోసారి ముప్ఫై నాలుగేళ్లప్పుడు నేనే వెళ్లి, అడిగి మరీ కుట్టించుకున్నాను. ఆ రెండోదాని గురించి ఇప్పటికీ ఆడవాళ్లు నన్ను పక్కకి పిలిచి గుసగుసగా అడుగుతుంటారు. గుసగుస ఎందుకమ్మా, నేనేమన్నా దొంగతనం చేశానా? గట్టిగానే చెప్తాను, వినండి.

గ్రహణం మొర్రితో పుట్టాను నేను. ముక్కు కింద ఎడమ పక్క పెదవి రెండుగా చీలి ఉండేదట. పాలు పీల్చడం చేతకాకపోతే అమ్మ దూదిని పాలలో ముంచి నోట్లో పిండేదట. మాది సముద్రం అవతల, మా తాతల్ని చెరకు పనికి ఓడల్లో తెచ్చిన దీవుల్లో, లంబాసా దగ్గర బులిలేకా, చుట్టూ చెరకు తప్ప ఇంకేం లేని ఊరు. బొడ్డు ఊడకముందే నాన్నమ్మ తీర్పు చెప్పేసింది. కడుపుతో ఉండి గ్రహణం వేళ కత్తి పట్టింది, దాలో దుంప కోసింది, అందుకే పిల్ల మూతి తెగింది అని. దాలో అంటే మన చేమదుంపకి పెద్దక్క లాంటిది, ఇక్కడ మాకు రోజూ అదే. అమ్మ ఆ మాట కాదనలేదు. నిజంగానే కోసింది కాబట్టి.

మొదట కుట్టిన డాక్టరు నిలువుగా ఒకే గీతలో కుట్టేశాడు. ఆయన తప్పని అనను, ఆ రోజుల్లో అలాగే కుట్టేవాళ్లట. నేను పెరిగాను, కుట్టు పెరగలేదు. పెదవి పైకి లాక్కుపోయి ఎడమ పక్క పన్ను ఒకటి ఎప్పుడూ బయటికి తొంగి చూస్తుండేది. ఈ దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడు నాకు పదిహేనేళ్లు. బడిలో కొత్త జెండా ముందు అందరినీ నిలబెట్టి ఫొటో తీశారు. ఫొటో తీసేవాడు నన్ను చూసి "నోరు మూసుకో బేటీ" అన్నాడు. మూసుకున్నాను అన్నాను. "ఇంకొంచెం మూసుకో" అన్నాడు. ఎక్కణ్ణుంచి తెచ్చి మూసుకోను? చివరికి ఓ పొడుగు పిల్ల వెనక నిలబెట్టాడు. ఆ ఫొటోలో నాది రిబ్బను ఒక్కటే ఉంది.

తర్వాత కుట్టుపని నేర్చుకున్నాను. చెరకు లారీ నడిపే ఆయనతో పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. నాన్న పోయాక అమ్మ మా ఇంటికే వచ్చేసింది. వరండాలో మిషను వేసుకుని బడి యూనిఫారాలూ జాకెట్లూ కుట్టేదాన్ని. ఎవరో పాడుచేసిన జాకెట్టు నా దగ్గరికి వస్తే కుట్టు విప్పి, లాగిన చోట వదులు చేసి, మళ్లీ కుడితే చక్కగా కూర్చునేది. అద్దంలో నా మూతి చూసుకున్నప్పుడల్లా చేతులు దురద పెట్టేవి. విప్పి కుడితే ఇదీ కూర్చుంటుంది కదా అనిపించేది.

ఒకరోజు మిషను తొక్కుతుంటే రేడియోలో చెప్పారు, పై దేశం నుంచి డాక్టర్లు అవతలి దీవిలో ఉన్న సువాకి వస్తున్నారనీ, పెదవుల ఆపరేషన్లు చేస్తారనీ, పెద్దవాళ్లకి కూడా చేస్తారనీ. ఆ "కూడా" వినగానే నా కాలు ఆగిపోయింది.

సాయంత్రం అన్నాల దగ్గర చెప్పాను. మా ఆయన "నాకు ఇలాగే బావుంది కదా" అన్నాడు. మంచివాడే, కానీ నాకు ఒళ్లు మండింది. "అంత బావుంటే మీరే పెట్టుకోండి ఈ మూతి, నాది నాకిచ్చేయండి" అన్నాను. ఆయన నవ్వి పప్పు వడ్డించుకున్నాడు. అమ్మ మాత్రం రొట్టె వత్తుతున్న చెయ్యి ఆపి "వద్దు" అంది.

"ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు. ఆ పెదవి అమ్మవారిది."

అప్పుడు బయటపడింది. పాలు తాగలేక నేను చచ్చిపోతానేమోనని అమ్మ నన్నెత్తుకుని మారెమ్మ గుడికి పోయిందట. ఈ పెదవి అతుక్కుంటే, పిల్ల పెద్దదయ్యాక ఇదే పెదవికి నీ సూది గుచ్చుకుని నీ నిప్పు తొక్కుతుంది తల్లీ, అని మొక్కుకుందట. మా గుళ్లలో అది మామూలే. ఏటా జాతరకి మొక్కున్నవాళ్లు పది రోజులు గుడిలోనే ఉపవాసాలుండి, పసుపు బట్టలు కట్టుకుని, బుగ్గలకో నాలుకకో పెదవికో వెండి సూది గుచ్చుకుని నిప్పుల మీద నడుస్తారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ అందులో నా పేరు మీద ఒక సూది ఉందని నాకు ఎవరు చెప్పారు?

"ముప్ఫై నాలుగేళ్లు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ప్రతి ఏడూ చెబుదామనుకున్నానే. కుట్టిన చోటే మళ్లీ సూదా అని ప్రాణం ఒప్పలేదు. ఇప్పుడు మొక్కు తీర్చకుండా ఆ పెదవి మీద కత్తి పెట్టనిస్తే అమ్మవారు ఊరుకుంటుందా?"

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారే, మా అమ్మ అచ్చం అదే చేసింది. మొక్కు తీర్పించలేదు, పెదవి బాగుచేసుకోనివ్వదు. నాకు కోపం వచ్చి కంచం తోసేశాను. "నేను పోతున్నాను. అమ్మవారికి కోపం వస్తే నన్ను అడగమను, నేను చెప్పుకుంటాను" అన్నాను. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు చీరలు రెండు మూట కట్టుకుని "ఎప్పుడే పడవ?" అంది.

సువా ఆసుపత్రిలో నర్సు కాగితం నింపుతూ "అందం కోసమా, అవసరమా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఎప్పణ్ణుంచో తయారుగా ఉంది. రెండూ రాయమన్నాను. ఒకటే రాయాలంది. "అయితే అందమనే రాయి. నాకేం సిగ్గు లేదు" అన్నాను. ఆమె నా మొహం చూసి రెండూ రాసింది.

డాక్టరు పెద్దమనిషి, తొందర లేని మనిషి. ముందే చెప్పాడు, మచ్చ పోదు అని. మచ్చని తుడిచేసే డాక్టరు లోకంలో లేడమ్మా, ఎవరన్నా పోగొడతానంటే లేచి వచ్చేయ్ అన్నాడు. ఆయన చేసేదల్లా పాత కుట్టు విప్పడం, లోపల పక్కకి తప్పుకుపోయిన కండని తెచ్చి కలపడం, పైన నిలువు గీత బదులు వంకరటింకరగా కుట్టడం. తిన్నని మచ్చ ముడుచుకుని పైకి లాగుతుంది, వంకర మచ్చ అంతగా లాగదు. "పెదవి ఎరుపూ పైచర్మమూ కలిసే అంచు ఉందే, అది దారం మందం తప్పినా చూసేవాళ్లకి తెలిసిపోతుంది" అన్నాడు. అది నాకు చెప్పాలా? పట్టంచు చీర జాకెట్టు చేతికి అంచు కలపడమే నా బతుకు. మార్జిన్ ఎంత వదులుతారు, ఎంత దారం వాడతారు అని ఒకటే ప్రశ్నలు వేశాను. ఆయన నవ్వి పెన్నుతో నా పెదవి మీద చుక్కలు పెట్టి అద్దం నా చేతికిచ్చాడు. నచ్చకపోతే ఇప్పుడే చెప్పు, కోశాక చెబితే లాభం లేదు అన్నాడు. ఒక చుక్క జరపమన్నాను. ఎందుకు జరపకూడదో ఆయన చెప్పాడు. ఒప్పుకున్నాను.

ఇంకో మాట కూడా అడిగాను, అమ్మ పక్కనే ఉండగా. గ్రహణం వేళ దుంప కోస్తే ఇలా అవుతుందా అని. కాదన్నాడు. నీడకి పెదవి కోసే శక్తి లేదన్నాడు, కడుపులో మొదటి నెలల్లోనే పెదవి రెండు పక్కల నుంచీ వచ్చి కలుస్తుంది, ఒక్కోసారి కలవదు, అందులో తల్లి తప్పు లేదు అన్నాడు. నేను అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ అంతా విని "ఆయనకేం తెలుసులే, ఆయన చూశాడా?" అంది.

మెలకువ వచ్చేసరికి మూతి కందగడ్డలా వాచి ఉంది, నాది కాదేమో అన్నట్టు తిమ్మిరి. తలకింద మూడు దిండ్లు. గొట్టంతో పీల్చి తాగకూడదు, నవ్వకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, గంజీ పలుచటి పప్పూ స్పూనుతో పోసుకోవాలి. నవ్వకుండా ఉండగలను, మాట్లాడకుండా ఉండడమే నా తరం కాలేదు. రెండో రోజు కునుకు తీసి లేచేసరికి నర్సు గగ్గోలు పెడుతోంది. చూస్తే అమ్మ చెంగు ముడిలోంచి గుడి పసుపు తీసి, తడిపి, నా కుట్ల మీద పట్టీ వేసేసింది! నిప్పు తొక్కినవాళ్ల కాళ్లకి అదే రాస్తారు కదా, పుండు పడదు కదా అని ఆమె లెక్క. నర్సు ఉప్పునీళ్లతో కడిగి కడిగి అమ్మని వార్డు బయట కూర్చోబెట్టింది. అదృష్టం బాగుండి చీము పట్టలేదు. ఆరో రోజు కుట్లు తీసేటప్పుడు కూడా దారాలు పచ్చగానే ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. కుట్లు తీసిన రోజు చూసుకుని సంబరపడ్డానా, నెల తిరిగేసరికి మచ్చ ఎర్రగా, గట్టిగా, లావుగా అయింది. ముందుకంటే ఘోరంగా ఉంది. అద్దం గోడ వైపు తిప్పేశాను. డాక్టరు ముందే చెప్పాడు, అలాగే అవుతుంది, ఏడాది ఓపిక పట్టు అని. చెప్పినా మనసు వినదు. బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి రోజుకి నాలుగైదుసార్లు నొక్కి రుద్దాలి. ఎండ తగలకూడదు, తగిలితే మచ్చ నల్లబడుతుంది. బులిలేకాలో ఎండ తగలకుండా ఎక్కడ బతుకుతాం? మా ఆయన టోపీ పెట్టుకుని బజారుకి పోయేదాన్ని. నవ్వినవాళ్లని నవ్వనిచ్చాను. ఏడాదికి మచ్చ మెత్తబడింది. పన్ను లోపలికి పోయింది. ఎడమ పక్క ఇప్పటికీ వెంట్రుకవాసి ఎత్తుగానే ఉంటుంది, నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు.

అమ్మకి తెలుసు. "చూశావా, పూర్తిగా దిగలేదు. మొక్కు ఆపుతోంది" అంది. పొద్దున్నే అదే మాట, దీపం పెడుతూ అదే మాట. తిండి తగ్గించేసింది. నాకు విసుగూ భయమూ రెండూ పట్టుకున్నాయి. సరే, ఆ సూదేదో గుచ్చుకుని ఈ గొడవ వదిలించుకుందామని సువాలో డాక్టర్లని అడిగించాను. ఒంటి మీద ఇంకెక్కడైనా నీ ఇష్టం, ఆ మచ్చలో మాత్రం జన్మలో వద్దు అని కబురొచ్చింది. మొక్కేమో ఆ పెదవికే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎంత కష్టపడి సంపాదించుకున్న పెదవి అది! ఇవ్వను అనుకున్నాను. నిప్పు తొక్కుతాను, సూది ఒప్పుకోను, అమ్మవారు కూడా ఆడదే, అర్థం చేసుకుంటుంది. ఆ మాటే అమ్మతో చెప్పాను. అమ్మ "నీ ఇష్టం" అంది. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుందో నాకు తట్టలేదు.

జాతరకి పది రోజులు గుడిలో ఉన్నాం ఇద్దరం. అమ్మ నాకు తోడుగా ఉపవాసం ఉంటోందనుకున్నాను. చివరి రోజు పొద్దున అందరం ఏటి దగ్గరికి పోయాం. మునిగి లేచాక పూజారి తాత సూదులున్న పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. నా దగ్గరికి వస్తే "తాతా, నాకు సూది లేదు" అన్నాను. "నీది లేదులే" అని నన్ను దాటి అమ్మ ముందు ఆగాడు.

అమ్మ పైట చెంగు నడుముకి దోపి, మొహం పైకెత్తింది.

నేను నీళ్లలో పడుతూ లేస్తూ పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నీకేమన్నా పిచ్చా? అరవై దాటాయి నీకు! నా మొక్కు నువ్వెలా మోస్తావు?"

"మొక్కింది ఆమె నోరు తల్లీ, నీది కాదు" అన్నాడు తాత. "మొక్కిన నోరు మోస్తే చెల్లుతుందా అని నెల కింద వచ్చి అడిగింది. చెల్లుతుందన్నాను."

అమ్మ నా చెయ్యి విడిపించుకుంది. వేలితో తన పైపెదవి మీద చోటు చూపించింది. ఎడమ పక్క, ముక్కు కింద, సరిగ్గా నాకు చీలిన చోట. తాత రెండు వేళ్లతో పెదవి పట్టి సూది గుచ్చాడు. అమ్మ కళ్లు మూసుకోలేదు. నేనే మూసుకున్నాను.

సూది ఉన్నంతసేపూ మాట్లాడకూడదు. గుడి దాకా రెండు మైళ్లు ఎండలో చెప్పుల్లేకుండా నడిచింది. వెనక నేను, ఏడుస్తూ, తిడుతూ. చెప్పకుండా చేస్తావా, ఏమన్నా అయితే ఎవరు దిక్కు, పోయేకాలమా నీకు, ఏవేవో అన్నాను. ఆమె వెనక్కి తిరగలేదు. నిప్పుల మీద నా ముందే నడిచింది, బిందె ఎత్తుకుని నీళ్లకి పోయినట్టు.

అవతల తాత సూది లాగి విభూతి అద్దాడు. ఒక్క చుక్క రక్తం వచ్చింది. నేను ఇంకా తిడుతూనే ఉన్నాను. అమ్మ నా గడ్డం పట్టుకుని, నా పెదవి వంక కాసేపు చూసింది.

"ఇక అరవకే, అయిపోయింది" అంది. "ఈ పెదవి జోలికి ఇక అమ్మవారూ రాదు, నేనూ రాను. నీది నువ్వు తీసుకో."