అవతలి ఒడ్డు

జగ్గయ్యపేటలో మేము ఎనిమిది కుటుంబాలవాళ్ళం క్లబ్బుగా చేరి, వేదాద్రిలో స్వామి గుడి పక్కనే, కృష్ణ ఒడ్డున ఒక ఇల్లు కొనుక్కున్నాం. ఏడాదికి ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో వారం వెళ్ళి ఉంటాం. నందిగామ టూరిస్టు బస్సుల కంపెనీ ఒకటి మాతో కలుస్తామంది. వాళ్ళకు బందరు దగ్గర సముద్రం ఒడ్డున ఇల్లుంది. మా వారం వాళ్ళకిస్తే, వాళ్ళ వారం మాకిస్తారు.

ఈ సాయంత్రం మా ఇంట్లో దాని మీదే మీటింగు. కలవడానికి ఏడు కారణాలు కాగితం మీద వరసగా రాసుకుని చదివాను. నేనింతవరకు సముద్రం చూడలేదన్న అసలు కారణం మాత్రం అందులో లేదు.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళొచ్చి స్వామి పక్కనే చేపలు వండుతారు. వద్దమ్మా!" అంది మాలో పెద్దదైన రాజ్యలక్ష్మి వదిన.

"మన గిన్నెలు మనం తెచ్చేసుకుందాం వదినా."

"గిన్నెలు తెస్తావు సరే, వాసనేం చేస్తావు?"

అందరూ నవ్వారు. ఐదుగురు వద్దన్నారు, ముగ్గురమే మిగిలాం.

అందరూ వెళ్ళాక వదిన గుమ్మంలో ఆగింది. "అవునే, సముద్రానికి అవతలి ఒడ్డు కనపడదంటారు, నిజమేనా?"

"కనపడదంట వదినా."

"ఎంతసేపు చూసినా?"

నాకేం తెలుసు? చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. ఆ జవాబు పట్టుకుని రేపు పొద్దున్నే వదిన ఇంటికి వెళ్తున్నా.