కొలువు మెట్ల మీద రికార్డు ప్లేయరు

ఏటి సూతకంలో ఉన్న ఇంటికి దసరా పండగను నేనే పిలిపించాను. అడ్రసిచ్చి, సందు గుర్తులు చెప్పి, నీళ్ల ట్యాంకు దగ్గర ఎడమకు తిరగమని కూడా చెప్పి మరీ పిలిపించాను. ఇంత ఘనకార్యం చేసింది ఒక్క చెక్క స్టాండు కోసం. అప్పటికి నాకు ముప్పై ఒక్క ఏళ్లు. ఆ వయసుకు ఉండాల్సిన బుద్ధి నాకు ఇంకా దారిలోనే ఉంది, పలమనేరు ఘాట్లో టైరు పంక్చరైన బస్సు మాదిరి.

మా నాయన సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తక్కువ మాటల మనిషి. సాయంత్రమైతే ముందు గదిలో నాదస్వరం రికార్డు పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. రికార్డు ప్లేయరు, యాంప్లిఫయరు, క్యాసెట్ డెక్కు, రెండు స్పీకర్లు, ఒక్కో ఏడు ఒక్కోటి కొని కూడబెట్టుకున్నాడు. ఆయన పోయినరోజు వచ్చినవాళ్లు కూర్చునేందుకు చోటు కావాలని వాటన్నింటినీ ఆయన పంచెల్లోనే చుట్టి మంచం కిందికి తోశాం. అలాగే ఉండిపోయాయి. అమ్మ వాటి ఊసెత్తలేదు. అసలు దేని ఊసూ ఎత్తలేదు.

ఎనిమిదో నెలలో ఒకరోజు చిక్కుడుకాయలు తుంచుతూ అడిగింది.

"మీ నాయన డబ్బా పాడతాదా ఇంకా?"

"పాడుతుందమ్మా. ఎందుకు?"

"ఏం లే. అడిగినా."

ఎనిమిది నెలల్లో అమ్మ తనంతట తాను అడిగింది అదొక్కటే. ఆ డబ్బాను మళ్లీ పాడించకపోతే నేను కొడుకుగా పనికిరానని ఆ క్షణంలోనే తీర్మానించుకున్నాను. తీర్మానం మంచిదే. దాన్ని అమలు చేసిన మనిషే తేడా.

నేల మీద పెట్టి తీగలు తగిలిస్తే సాయంత్రానికల్లా పాడేది. కానీ నేను చదువుకున్నవాణ్ణి కదా, ఇంటర్నెట్లో చదివాను. అక్కడ ఈ సామాన్ల భక్తులు ఒక పెద్ద మఠం నడుపుతున్నారు. స్టాండు కదిలితే ముల్లు కదులుతుందట, ముల్లు కదిలితే సంగీతం చెడుతుందట. ఒకాయన స్టాండు కింద నల్లరాయి పలక వేయించానన్నాడు. ఇంకొకాయన ఆ పలక కింద ఇసుక పోయించానన్నాడు. ఇంకొంచెం ఉంటే శంకుస్థాపన చేయించేవాళ్లు. విదేశీ స్టాండు ఒకటి చూసి, ధరలో సున్నాలు లెక్కపెట్టి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టి, ఆ పేజీ మూసేశాను. మనిషి నిలబడ చోటు లేదుగానీ డబ్బాకు సింహాసనం అన్నట్టుంది నా పని.

వడ్రంగిని పిలిచాను. ఆయన టేపు పెట్టి కొలిచి, పెన్సిలు చెవిలో పెట్టుకుని, టేకు ధర చెప్పాడు.

"అంతా?" అన్నాను.

"టేకప్పా. అంత కాకుంటే ఎంతుంటాది?"

"వేపతో చేస్తే?"

"చేస్తా. వానాకాలం వంకర పోతాది. అప్పుడు నీ డబ్బా పక్కకి సూసి పాడతాది. సమ్మతమేనా?"

సమ్మతం కాక వెల్డింగు షాపుకు పోయాను. ఆయన రెండు రోజుల్లో ఇనుప స్టాండొకటి చేసి చూపించాడు. అచ్చం కోళ్లు అమ్మేవాళ్ల గూడు. కూరకు ఎన్ని కేజీలు కావాలి అని నన్నే అడుగుతుందేమో అనిపించింది. అందం కావాలి, ధర అందాలి. ఈ రెండూ కలిసి నాకెక్కడా కనపడలేదు.

అప్పుడు ఫోన్లో పాత సామాన్లు అమ్మేచోట ఒక ప్రకటన కనిపించింది. చెక్క స్టాండు, ఐదు మెట్లు, మడతపెట్టుకోవచ్చు, మంచి పాలిషు, చూస్తే కళ్లకు చల్లగా ఉంది. అది దసరాకు బొమ్మల కొలువు పెట్టే మెట్ల వరుస అని చూడగానే తెలిసింది. తెలియనివాడు ఈ జిల్లాలో ఎవడుంటాడు? తెలిసే అనుకున్నాను: మెట్లకు మతమేముంది, బొమ్మను మోసేది డబ్బాను మోయదా?

మా తిరుపతిలోనే ఇల్లు. అమ్మేది వైదేహమ్మగారని అరవై దాటిన పెద్దావిడ. కూతురు కొత్తగా ఇనుప మెట్లు కొనిచ్చిందని ఇవి అమ్మేస్తున్నారు. ధర న్యాయంగానే ఉంది. అయినా నేను బేరమాడాను. ఆడకుండా వస్తే రక్తం పలచబడుతుందని మా వైపు నమ్మకం.

"తగ్గించేది లేదు నాయనా," అన్నారు ఆవిడ. "ఇరవై ఏళ్లు అమ్మవారు కూర్చున్న మెట్లు. అవునూ, నీకు దేనికి? గొలు పెడతారా ఇంట్లో, బొమ్మల కొలువు?"

చూడండి, ఇక్కడే నిజం చెప్పి ఉంటే ఈ కథ లేదు. "రికార్డు ప్లేయరు పెట్టుకోవడానికి" అంటే అయిపోయేది. కానీ ఆవిడ కళ్లలో ఒక ఆశ కనిపించింది. ఆ ఆశలో నాకు డిస్కౌంటు కనిపించింది.

"అవునమ్మా," అన్నాను. "మా అమ్మ ఈ ఏడు కొత్తగా మొదలుపెడుతోంది."

ఆవిడ ముఖం దీపం పెట్టినట్టయింది. "కొత్తగానా! అట్లయితే సగం ఇయ్యి, చాలు. అమ్మవారి పనికి బేరమాడితే కళ్లు పోతాయి." లోపలికి పోయి మెట్ల మీద పరిచే జరీ అంచు గుడ్డ కూడా తెచ్చి ఉట్టినే ఇచ్చారు. "మెట్లు ఇచ్చినదాన్ని, ఒకసారి వచ్చి సూడాల గదా. నవరాత్రుల్లో శుక్రవారం మా వాళ్లతో వస్తాను. ఇల్లు యాడ?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది ఎంత బాగా అతికిందంటే, ఇక ఊడి రాలేదు. అడ్రసు చెప్పాను. పెద్దావిడ, మరిచిపోతుందిలే అనుకున్నాను. పెద్దవాళ్లు మన పేర్లు మరిచిపోతారు, కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరిచిపోతారు, పేరంటం మాత్రం మరిచిపోరు. ఈ సంగతి నాకు తరవాత తెలిసింది.

ఇంటికి తెచ్చి బిగించాను. పై మెట్టు మీద ప్లేయరు, దాని కింద యాంప్లిఫయరు, ఆ కింద డెక్కు, కింది రెండింటి మీద రికార్డులు, రెండు పక్కలా నేల మీద స్పీకర్లు. వెనక నుంచి తీగలు చింతచెట్టు వేళ్లలాగా వేలాడుతుంటే, వాటిని దాచడానికి ఆ జరీ గుడ్డ పరిచాను. అమ్మ వచ్చి చూసింది. "బాగుండాది," అంది. వాటిని చుట్టిన నాయన పంచె అంచుతో ప్లేయరు మూత తుడిచింది. రేపు రికార్డు పెడదామనుకున్నాం.

రేపు కాకముందే మునెమ్మత్త దిగింది. నాయనకు అక్క. పలమనేరు నుంచి ఒక సంచి నిండా బట్టలు, ఇంకో సంచి నిండా ఆచారాలు పట్టుకొచ్చింది. పండగ రోజుల్లో తమ్ముడి ఇల్లు చిన్నబోతుందని తోడుండటానికి వచ్చింది. గడపలోనే ఆగి మెట్ల వైపు చూసింది.

"ఏందిరా ఇది? సమచ్చరం తిరగని ఇంట్లో గొలు పెట్టినావా?"

"షెల్ఫు అత్తా. నాయన డబ్బాలు పెట్టేదానికి."

"షెల్ఫుకి జరీ అంచు యాలరా?"

"తీగలు కనపడకుండా."

"డబ్బాలు పెట్టుకో. పాడించినావంటే మాత్రం ఊరుకోను. నా తమ్ముడు పోయి ఎనిమిది నెలలు. ఈ ఇంట్లో ఏడాది దాకా పాట వినపడకూడదు."

అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. వారం రోజులు డబ్బాలు మెట్ల మీద మూగగా కూర్చున్నాయి. అమ్మ మధ్యాహ్నం పూట వాటి ఎదురుగా కూర్చునేది. నేను అత్త ప్రయాణం తేదీ అడిగేవాణ్ణి. అత్త నన్ను అనుమానంగా చూసేది.

శుక్రవారం సాయంత్రం కిటికీలోంచి చూస్తే నీళ్ల ట్యాంకు దగ్గర ఆరు పట్టుచీరలు ఎడమకు తిరుగుతున్నాయి. ముందు వైదేహమ్మగారు. చేతిలో స్టీలు డబ్బా. అత్త స్నానానికి పోయి ఉంది, అమ్మ వంటింట్లో ఉంది. నాకు రెండు నిమిషాలున్నాయి.

తెలివైనవాడు గేటు దగ్గరికి పోయి కాళ్లు పట్టుకుంటాడు. నేను బొమ్మలు వెతికాను. మొదట కాణిపాకంలో కొన్న తాళాలగుత్తి వినాయకుడు దొరికాడు. ఆపైన ఆఫీసులో ఇచ్చిన ఏనుగు ఆకారం పెన్నుల స్టాండు. ఇంకేమీ దొరక్క ఉప్పు డబ్బా ఒకటి. దాని మీద నవ్వుతున్న పాప బొమ్మ ఉంది. ఏనుగును డెక్కు మీద, పాపను రికార్డుల మీద పెట్టి, వినాయకుణ్ణి పై మెట్టున ప్లేయరు పళ్లెం మధ్యలో కూర్చోబెట్టాను. ఆ తొందరలో నా మోచెయ్యి ముల్లున్న చేతికి తగిలింది. పాతకాలం ప్లేయరు, ఆ చెయ్యి కదిలితే చాలు పళ్లెం తిరుగుతుంది. వినాయకుడు తిరగడం మొదలుపెట్టాడు. ఆపేలోగా అందరూ లోపలికి వచ్చేశారు.

గోడ మీద దండ వేసిన నాయన ఫొటో ఉంది. దానికి నా తల అడ్డం పెట్టి నిలబడ్డాను. బతికున్నప్పుడు టీవీకి అడ్డం నిలబడితేనే ఆయన ఊరుకునేవాడు కాదు.

"అబ్బ! తిరిగే వినాయకుడు!" అంది ఒకావిడ.

"మోటారు పెట్టినారే!" అంది ఇంకొకావిడ.

వైదేహమ్మగారు దగ్గరికి పోయి చూశారు. "ఇరవై ఏళ్లు పెట్టినా, నాకు ఈ ఆలోచన రాలే. ఇవేంది నాయనా, ఈ నల్ల డబ్బాలు?"

"ఈసారి సంగీత కొలువమ్మా," అన్నాను. నోటికి ఏదొస్తే అది.

"ఉప్పు డబ్బా?"

"అది..." అన్నాను. సంగీతానికీ ఉప్పుకూ సంబంధం కలిపేంత చదువు నాకు లేదు. "కొత్తగా మొదలుపెట్టాం కదమ్మా."

"పోనీలే, వచ్చే ఏటికి కూడతాయి. సుండలు తెచ్చినా, శనగల గుగ్గిళ్లు. మీయమ్మను పిలువు."

పిలవక్కర్లేదు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరో తెలియని ఆరుగురు, మెట్ల మీద తిరుగుతున్న వినాయకుడు, గోడకు ఆనుకుని చెమటలు కక్కుతున్న కొడుకు. వైదేహమ్మగారు నవ్వుతూ ఎదురెళ్లారు. "నువ్వేనామ్మా గొలు పెట్టింది? రా తల్లీ, బొట్టు పెట్టు," అని నుదురు ముందుకు వంచారు.

అమ్మ కదల్లేదు. వైదేహమ్మగారు తల ఎత్తి అప్పుడు అమ్మ నుదురు చూశారు. ఆ వెంటనే నా వైపు చూశారు. నేను పక్కకు తప్పుకున్నాను. నాయన అందరినీ చూశాడు.

సరిగ్గా అప్పుడే మునెమ్మత్త తల తుడుచుకుంటూ వచ్చింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారు. నాకు రోకలి కాదు, రైసు మిల్లే పడింది.

"ఎవురమ్మా మీరంతా? సూతకం ఇంట్లో పట్టుచీరలేంది, ఈ తిరిగే వినాయకుడేంది?"

"మీ అబ్బాయే గదా పిలిచినాడు," అన్నారు వైదేహమ్మగారు. "గొలు పెడతామని నా మెట్లు కొన్నాడు."

"ఏంరా!"

"అబద్ధం చెప్పినావా నాయనా?" అన్నారు వైదేహమ్మగారు. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అడిగారు.

"అవునమ్మా."

"సగం ధర కోసరమా?"

"అవునమ్మా."

"మెట్లు ఎత్తుకపోండమ్మా," అంది అత్త. "ఈ అబద్ధాల మెట్లు మాకొద్దు. ఈ డబ్బాలను మళ్లీ మంచం కిందికి తోస్తా."

నేను అమ్మ వైపు చూశాను. నా పరువు ఎలాగూ పోయింది. దాంతోపాటు అమ్మ అడిగిన ఒక్కటీ పోతోంది.

అమ్మ మాట్లాడింది. "వచ్చినోళ్లని అట్ల పంపిస్తే ఎట్ల వదినె? గొలుకి వచ్చినోళ్లు పాట పాడి పోవాల గదా."

"ఈడ పాట పనికిరాదని సెప్తి గదా!"

"పాట కాదులే. ఊదేది."

అమ్మ మెట్ల దగ్గరికి వచ్చింది. వినాయకుణ్ణి తీసి కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టింది. రికార్డుల్లోంచి ఒకటి తీసి పళ్లెం మీద పెట్టి ముల్లు దించింది. ఎన్నేళ్లుగా చూస్తూ నేర్చుకుందో, ముల్లు సరిగ్గా మొదటి గీతలోనే దిగింది. నాదస్వరం లేచింది.

"ఆపు!" అంటూ అత్త ఒక అడుగు ముందుకేసింది. నేల అదిరింది, మడత మెట్లు ఊగాయి, ముల్లు గెంతింది. నాదస్వరం రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టింది. ఇంటర్నెట్ మఠంవాళ్లు చెప్పింది నిజమే.

"కదలద్దండి!" అని అరిచాను. "ఎవరూ కదలద్దు! గీత పడుతుంది, నాయన రికార్డు!"

అత్త ఆగిపోయింది. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, చేతిలో తువ్వాలు. ఆరుగురు పట్టుచీరలవాళ్లు ఉన్నచోటే మెల్లగా కూర్చుండిపోయారు. వైదేహమ్మగారి చెయ్యి ఎప్పుడో అమ్మ చేతిమీదికి చేరింది. తమ్ముడి రికార్డుకు గీత పెట్టడం ఇష్టం లేక మునెమ్మత్త ఇరవై నిమిషాలు ఆ గది మధ్యలో అట్లే నిలబడింది, తొక్కుడుబిళ్ల ఆటలో గీత తొక్కకూడని పిల్ల మాదిరి. మొదట నన్ను చూస్తూ పళ్లు కొరికింది. కాసేపటికి కొరకడం మరిచిపోయింది. ఇంకాసేపటికి తువ్వాలు ముఖానికి పెట్టుకుంది.

మొదటి వైపు అయిపోయింది. ముల్లు చివరి గీతలో గరగరమంటూ తిరుగుతోంది. నేను తిట్లకు తల వంచుకుని సిద్ధంగా నిలబడ్డాను.

అత్త తువ్వాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం పలమనేరు గొంతే.

"ఏంరా, కొయ్యబొమ్మ మాదిరి సూస్తా నిలబడినావు? రెండో పక్క తిప్పి యెయ్యి."

ఆ మెట్లు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి. నేను ఆ రోజే, నోట్లో శనగలతో, నా అంతట నేను ఒక ప్రమాణం చేసుకున్నాను. దాన్ని ఇక్కడ పాఠకుల సమక్షంలో, నిండు మనస్సుతో మళ్లీ చేస్తున్నాను: ఇకమీదట ఎంత చిన్న వస్తువు కొన్నా, ఎంత డిస్కౌంటు కనపడినా, బేరం మధ్యలోకి అమ్మవారిని పిలవను. పిలిస్తే వచ్చేస్తుంది. పైగా ఒక్కతే రాదు, ఆరుగురిని వెంటబెట్టుకుని, సుండలు కూడా వండుకుని వస్తుంది.