చింతపండు పెట్టి తోమిన కంప్యూటరు

మొన్న దసరాకి మా ఆవిడ ఇత్తడి కుందులు చింతపండుతో తోముతుంటే నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ తలెత్తకుండానే, "మీ బావగారేనా?" అంది. ఆయనే. రాజాంలో పెళ్ళికార్డుల దుకాణం నడిపే మా అక్క భర్త. ఆయన శుభ్రత అంతా ఇంతా కాదు. కాఫీ తాగిన గ్లాసు తానే కడిగి, ఎండలో బోర్లించి, ఆరిందో లేదో మళ్ళీ వెళ్ళి చూసే మనిషి.

కొన్నేళ్ళ కిందట, విజయదశమికి ముందురోజు ఆయన ఫోను చేశారు. ఆయుధపూజ అయింది, కంప్యూటరుకు బొట్టు పెట్టారు, హారతి ఇచ్చారు, అది మాత్రం తెరుచుకోవడం లేదు. టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి తీగలున్న వస్తువు ఏదైనా నాకు లొంగుతుందని ఆయన నమ్మకం. విజయనగరంలో బస్సెక్కి వెళ్ళాను. దుకాణంలో స్టూలు మీద చీపురుపల్లి నుంచి వచ్చిన ఒక పెళ్ళికూతురి తండ్రి కూర్చుని ఉన్నారు. మర్నాడు పొద్దున్నే మొదటి కార్డు శ్రీకూర్మంలో స్వామి పాదాల దగ్గర పెట్టి, ఆ తరువాతే పంచాలని వాళ్ళింటి ఆనవాయితీ. కార్డేమో ఆ పెట్టె కడుపులో ఉండిపోయింది. పండగకి చుట్టుపక్కల దుకాణాలన్నీ మూసేశారు. "స్వామికైతే నోటితో సెప్పుకుంటానండి. మా వియ్యపురాలికే సెప్పలేను" అన్నారాయన.

మీట నొక్కితే విండోస్ బొమ్మ వచ్చేది, తెర నీలంగా ఓసారి మెరిసేది, కథ మళ్ళీ మొదటికొచ్చేది. పొలిమేర దాకా వచ్చి వెనక్కి తిరిగే బస్సులాగ. అంతా చెరిపి విండోస్ మళ్ళీ ఎక్కించేద్దామని బావగారి తొందర. అలా చేస్తే కార్డు కూడా పోతుందని ఆపాను. ఒకసారికి ఒక్కటే మార్చి చూడడం నా పద్ధతి. ప్రింటరు ఊడదీసి చూశాను, మెమరీ పలకలు ఒక్కొక్కటిగా తీసి చూశాను, ప్రతిదీ డైరీలో రాసుకున్నాను. "ఏటి బావా, పంచనామా రాస్తన్నావా?" అన్నారు బావగారు. చివరికి, విండోస్ కన్నా ముందు మేలుకునే బయోస్ అమరికల పేజీ తెరిచాను. అందులో తారీఖు చూస్తే, బావగారు ఆ కంప్యూటరు కొనకముందటి సంవత్సరం! పెట్టె విప్పారా అని అడిగాను. దుమ్ము దులిపానంతే అన్నారు.

గుమ్మంలోంచి మా అక్క అందుకుంది. "దులపడమేటి తమ్ముడూ? లోపల రూపాయి బిళ్ళలాగ ఒకటుంటే ఊడబెరికి, నా కుందులతో పాటు సింతపండెట్టి తోమినాడు."

"మాసిపోయి ఉన్నాది బావా. అమ్మవారి ముందు మాసిందెలా పెడతాం?"

ఆ బిళ్ళ, బోర్డుకు జ్ఞాపకశక్తినిచ్చే బ్యాటరీ. స్నానంతో అది చచ్చిపోయింది, బోర్డు తన పుట్టుకనాటి అమరికలకు వెళ్ళిపోయింది. డిస్కును పలకరించడానికి పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండున్నాయి. బావగారి విండోస్‌ను పాత పద్ధతిలో ఎక్కించారు. బోర్డు ఇప్పుడు కొత్త పద్ధతిలో పిలుస్తోంది. ఇద్దరూ మంచివాళ్ళే, పొత్తే కుదరలేదు. పాత పద్ధతికి మార్చి, తారీఖు కూడా సరిచేశాను. కొత్త బ్యాటరీ దొరికే రోజు కాదు కనక, కరెంటు ఉన్నంతసేపే ఆ మార్పు నిలుస్తుంది. అది విని మా అక్క వెళ్ళి, ఎవరూ తాకకుండా ప్లగ్గు దగ్గర కాపలా నిలబడింది.

విండోస్ తెరుచుకుంది. పెళ్ళికూతురి తండ్రి స్టూలు మీంచి లేచారు. ఊడదీసిన ప్రింటరు మళ్ళీ తగిలించగానే అది కార్డును కక్కింది. బావగారు చేతులు తువ్వాలుతో తుడుచుకుని మరీ దాన్ని అంచులు పట్టి అందించారు. ఆ తండ్రి కార్డును కళ్ళకద్దుకుని, బస్సుకు బయల్దేరుతూ అన్నారు: "స్వామికి మీ అందరి పేరూ సెప్తాను. సింతపండు సంగతి మట్టుకు సెప్పన్లెండి."

నాలుగు మీటలు నొక్కేసరికి ఆ యంత్రం తను పుట్టిన సంవత్సరం నుంచి ఆ దసరాకి ఒక్క గెంతులో వచ్చేసింది. మనం మాత్రం ఒక్కో పండగా దాటుకుంటూ రావాలి. అందుకే కాబోలు, దారిలో నవ్వుకోవడానికి మనకిన్ని మిగిలాయి.