పొద్దటి సూది, బుచ్చవ్వ ముచ్చట్లు

బెల్లంపల్లిలో ఆ బొగ్గుగని క్వార్టర్ల వరుసను ఇప్పుడు కొత్తవాళ్లకు చూపిస్తే, ఇక్కడ సంసారాలు నడిచాయంటే నమ్మరు. కప్పులు కూలాయి, వాకిళ్లలో తుమ్మ మొలిచింది. ప్రిస్కిల్లా తన బతుకులో అన్నిటికన్నా ఎక్కువ భయపడ్డ ఏడాది అక్కడే గడిపింది. ఇప్పుడు కూర్చున్నా లేచినా తలుచుకునేదీ ఆ ఏడాదినే.

బోథ్ దగ్గరి పల్లె ఆమెది. మిషన్ చర్చిలో పాటలు పాడుతూ పెరిగిన పిల్ల. బొగ్గుబాయిలో పనిచేసే ఎబినేజర్‌ను పెళ్లాడి బెల్లంపల్లి వచ్చింది. ఇంట్లో అత్త బుచ్చవ్వ. భర్త పోయాక తట్టలు మోసి కొడుకును పెంచిన మనిషి. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

పెళ్లయిన కొత్తలోనే కడుపు వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. మూడోసారి అయిదో నెల దాటింది. బిడ్డ కదలడం కూడా తెలిసింది. ఈసారి దేవుడు చూశాడని చర్చిలో అందరూ సంతోషపడ్డారు. ఒక పొద్దున ఆ కదలిక ఆగిపోయింది.

వాడకట్టులో గుసగుసలు మొదలయ్యాయి. ఒకావిడ ఇంటికే వచ్చి, కొడుక్కు ఇంకో సంబంధం చూడరాదా అంది. బుచ్చవ్వ చేతిలో చీపురు ఉంది.

"నా కోడలి సంగతి నీకెందుకే? చాయ తాగినవ్ కదా, ఇగ పో," అంది.

ప్రిస్కిల్లా లోపలి గదిలోంచి విన్నది. అత్త తన పక్కన నిలబడినందుకు ధైర్యం రావాల్సింది పోయి, ఇంకా కుంగిపోయింది. తన ఒంట్లోనే ఏదో చెడు ఉందని, అది ఈ ఇంటికి తగిలిందని ఆమె నమ్మకం. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ బాధ తీరకముందే ఎడమకాలి పిక్క వాచింది. అడుగు వేస్తే ప్రాణం పోయినట్టుండేది. ఊళ్లో డాక్టరు చూసి, ఆలస్యం చేయొద్దని కరీంనగర్ పంపాడు. అక్కడ స్కానింగ్‌లో కాలి నరంలో రక్తం గడ్డ కట్టిందని తేలింది. పెద్దాసుపత్రిలో నవనీత అనే డాక్టరమ్మ కాలు చూసి, మందులు రాస్తూ రాస్తూ ఆగింది.

"పిల్లలెందరమ్మా?"

ప్రిస్కిల్లా తల దించుకుంది. ఎబినేజరే చెప్పాడు, మూడుసార్లు పోయిందని.

"కాలునొప్పికి, పిల్లలకు ఏం సంబంధం మేడం?" అని కూడా అడిగాడు.

"ఉండొచ్చు. ఇంకో రక్తపరీక్ష చేద్దాం," అంది ఆమె.

ఆ పరీక్ష ఒకసారి చేస్తే చాలదట. మూడు నెలలు ఆగి మళ్లీ చేశారు. రెండుసార్లూ ఒకే మాట వచ్చింది. అప్పుడు నవనీత కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పింది.

"బయటి నుంచి రోగం వస్తే కొట్లాడెతందుకు మన రక్తంల యాంటీబాడీలు పుడతయి. అవి మనకు కావలి అన్నట్టు. నీ ఒంట్ల కొన్ని మాత్రం మన సొంతదాన్నే పరాయిదనుకుంటున్నయి. దాంతోని రక్తం ఊకె గడ్డ కడుతుంది. కాలుల జరిగింది గదే. కడుపుల బిడ్డకు తిండి పంపే మాయ ఉంటది చూడు, దాన్ని చెడగొట్టింది కూడా గవే అయ్యుంటయి."

ప్రిస్కిల్లా ఒక్కటే అడిగింది.

"అంటే నేను చేసిన తప్పేం లేదా మేడం?"

"నువ్వేం చేస్తవమ్మా? నీ తప్పు ఇసుమంత లేదు."

ఆమె అక్కడే, ఆ గదిలోనే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎబినేజర్ గాబరాపడ్డాడు. అది బాధతో వచ్చిన ఏడుపు కాదని అతనికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

రక్తం పలచగా ఉంచే మాత్రలు కాలు చూసిన రోజే మొదలుపెట్టారు. ఇక అవి జన్మంతా వాడాలన్నారు. ఆకుకూరలు ఒకరోజు కుప్పలుగా, ఒకరోజు అసలు లేకుండా తినొద్దని, అలా చేస్తే మాత్ర సరిగా పనిచేయదని చెప్పారు. కోడలికి రక్తం పట్టాలని రోజూ గిన్నెడు పాలకూర పప్పు చేసే బుచ్చవ్వకు ఇది కోపం తెప్పించింది. "కూర తినొద్దనే దవాఖాన ఏడన్న ఉంటదా?" అని రెండు రోజులు గొణిగింది. ఆ తర్వాత ఆమే గరిటెతో కొలిచి వడ్డించడం మొదలుపెట్టింది. ఇంకొంచెం వేయమన్నా వేసేది కాదు.

ఇంకో మాట కూడా డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ మాత్ర కడుపులో బిడ్డకు మంచిది కాదు. నెల తప్పిందని అనుమానం రాగానే పరుగెత్తుకు రావాలి, మాత్ర ఆపి సూదులు మొదలుపెట్టాలి. మరుసటి ఏడాది ఆ రోజు వచ్చింది. చిన్న ఆస్పిరిన్ మాత్రతో పాటు, పొద్దున ఒకటి, మాపున ఒకటి, పొట్ట మీద సూది. కాన్పు దాకా.

సూది వేసుకోవడం ఆసుపత్రి నర్సు నేర్పింది. బాయిలో భూమి కింద పనిచేసే ఎబినేజర్‌కు సూది చూస్తేనే కళ్లు తిరిగేవి. ఆమె తనకు తనే వేసుకోవాలి. బెల్లంపల్లి ఎండల్లో ఆ సూదులు ఇంట్లో పెడితే పాడవుతాయి. పక్క క్వార్టర్‌లో సుల్తాన్ బీ ఇంట్లో ఫ్రిజ్ ఉంది. "నా ఫ్రిజ్‌ల ఏముంది, నీళ్ల సీసాలే కదా. పెట్టు బేటీ, ఫికర్ చెయ్యకు," అందామె. గడ్డకట్టే చోట పెట్టొద్దన్నారని, తలుపు అరలో వాటికోసం చోటు ఖాళీ చేసింది.

అలా మొదలయ్యాయి ఆ పొద్దులు. సుల్తాన్ బీ స్టీలు డబ్బాలో సూది పట్టుకుని వచ్చేది. ప్రిస్కిల్లా మంచం మీద కూర్చుని పొట్ట మీద చర్మం మడత పట్టుకునేది. సూది పట్టుకుని అక్కడే ఆగిపోయేది. ఎదురుగా పీట మీద బుచ్చవ్వ.

"నా దిక్కు చూడు బిడ్డా. ఓ ముచ్చట చెప్త."

బొగ్గుబాయి సైరన్ మోగితే ఊరంతా అన్నం వండుకున్న రోజులు, జీతం నాడు బజారులో మనిషి మీద మనిషి పడే రోజులు, తన పెళ్లికి ఎడ్లబండి వాగులో దిగబడితే పెళ్లికొడుకే దిగి తోసిన సంగతి. బుచ్చవ్వ చెబుతుంటే సూది దిగేది, మంట మండేది, అయిపోయేది. ముచ్చట మాత్రం అయిపోయేది కాదు. పొట్టంతా నీలం మచ్చలు. ఆ మచ్చల మీద బుచ్చవ్వ చేయి పెట్టి, "లోపల ఉన్న బిడ్డ ఇంటున్నది," అనేది.

ఎనిమిదో నెలలో, ఒక ఆదివారం చర్చిలో పాట పాడుతుంటే బిడ్డ కదలడం లేదని ప్రిస్కిల్లాకు తోచింది. పాట మధ్యలో ఆపి బయటికి వచ్చింది. ఆమె ముఖం చూసి బుచ్చవ్వ వెంటే లేచింది. బండి మాట్లాడుకుని కరీంనగర్ పోయారు. గోదావరి వంతెన దాటినా బుచ్చవ్వ నోట ముచ్చట రాకపోవడం అదే మొదటిసారి.

బిడ్డ గుండె కొట్టుకుంటోంది. పెరుగుదల మాత్రం కొంచెం తక్కువగా ఉందని, ఇక ఇంటికి పంపేది లేదని నవనీత చెప్పింది. అక్కడే ఉంచుకుని రోజూ చూశారు. నెలలు నిండబోతుండగా ముందురోజు సూది ఆపి, ఆపరేషన్ చేశారు. గుప్పెడంత ఆడపిల్ల. ఏడుపు మాత్రం వార్డంతా వినిపించింది.

"గొంతు నాది," అంది బుచ్చవ్వ.

హర్షిణి అని పేరు పెట్టుకున్నారు. తర్వాత కొన్నేళ్లకు బాయి మూతపడింది. ఎబినేజర్‌ను శ్రీరాంపూర్ బదిలీ చేశారు. క్వార్టర్ వదిలారు. బుచ్చవ్వ శ్రీరాంపూర్‌లోనే, మనవరాలు బడికి పోయిన వేళ, నిద్రలో పోయింది. ప్రిస్కిల్లా ఇప్పటికీ మాత్ర వేసుకుంటుంది, నెలనెలా మంచిర్యాల వెళ్లి రక్తం చూపించుకుంటుంది. రెండో బిడ్డ కోసం ప్రయత్నించలేదు. ఆ దిగులు కూడా పెద్దగా లేదు.

మొన్న చర్చిలో పంట పండుగకు తల్లీకూతుళ్లు బెల్లంపల్లి వెళ్లారు. సుల్తాన్ బీ ఇప్పుడు బజారు వెనక కొడుకు ఇంట్లో ఉంటుంది. చూపు తగ్గింది. గొంతు విని గుర్తుపట్టింది. హర్షిణి ముఖమంతా చేతులతో తడిమింది.

"గీ పిల్ల కోసమా మనం గంత పరేషాన్ అయింది?" అని నవ్వింది.

"సూది మస్తు నొచ్చేదా అమ్మా?" హర్షిణి అడిగింది.

"నొచ్చేది బిడ్డా. అబద్ధం ఎందుకు," అంది ప్రిస్కిల్లా. "అయినా గా పొద్దులు మళ్లొస్తే బాగుండనిపిస్తది," అంది.

హర్షిణికి అది అర్థం కాలేదు. సుల్తాన్ బీకి అర్థమైంది. ఆమె ప్రిస్కిల్లా చేయి పట్టుకుని కూర్చుంది. లోపల సుల్తాన్ బీ కోడలు చాయ పెడుతోంది. బస్సుకు ఇంకా చాలా టైముంది.