మూఢం వెళ్ళేదాకా

పది రోజులుగా మా మనవరాలు సరిగా అన్నం తినడం లేదు. రైతుల దగ్గర కూరగాయలు కొని నేరుగా ఇళ్ళకు చేర్చే కంపెనీ ఒకటి పెట్టుకుంది ఆ పిల్ల. పెట్టుబడి పెడతానన్న పెద్దమనిషి వెనక్కి తగ్గాడట, నిన్న పొద్దున టీ తాగుతూ మెల్లగా చెప్పింది. ఆఫీసులో పనిచేసే ఎనిమిది మందికీ ఇంకా తెలియదట, ఈలోగా ఇంకొకరెవరైనా దొరక్కపోతారా అని తన ఆశ. వాళ్ళలో ఒకబ్బాయి మరోచోట వచ్చిన ఉద్యోగాన్ని ఈ కంపెనీని నమ్ముకునే వద్దంటున్నాడట. ఆ మాట వినగానే గ్లాసు కింద పెట్టేశాను.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతబడి ఎందరి చదువులు నడిమధ్యన ఆగిపోయాయో. వరంగల్లులో చదువుతున్న మా ఆయన అప్పుడు ఇంటికొచ్చినవారు మళ్ళీ పుస్తకం ముట్టలేదు, మహబూబాబాదులో, మేమంతా మానుకోట అనే ఆ ఊళ్ళో, ఒక వడ్ల గిర్నిలో, అదే రైసుమిల్లులో, గుమస్తాగా చేరారు. నాకు ఊహ తెలియకముందే నాయిన పోతే మానుకోటలో మా మేనమామే నన్ను పెంచాడు, ఆ గుమస్తాను చూసి పెళ్ళి చేసిందీ ఆయనే. గిర్ని నుంచి వచ్చేసరికి మా ఆయన కనుబొమ్మల దాకా తవుడు పట్టి ఉండేది. ముసలాయన వచ్చాడని నేను ఏడిపిస్తే, నువ్వు కూడా గిర్నికి రా, జోడు కుదురుతుంది అనేవారు. ఇప్పుడు ఏ పిండిమిల్లు ముందు నుంచి పోయినా ఆ తవుడు వాసన కోసం ఒక్క క్షణం ఆగుతాను.

మా అత్తగారి ఊరు లింగాల ఘనపూర్ పక్కన. అక్కడి రైతులు వడ్లు పట్టించుకోవడానికి బండ్లు కట్టుకుని జనగామ దాకా పోయి, వరుస వచ్చేదాకా బండి కిందే పడుకుని, మర్నాడెప్పుడో తిరిగి వచ్చేవారు. గిర్ని మనూళ్ళోనే పెడితే ఎట్లా ఉంటుందని మా ఆయనకు పట్టుకుంది. ఎనభైల నడుమ మాట. ఏ గింజకు ఎంత నూక వస్తుందో చేత్తో పట్టి చెప్పగల మనిషి ఆయన, పని తెలుసు, చుట్టూ పది ఊళ్ళ వడ్లున్నాయి, లేనిదల్లా పెట్టుబడే.

ఆ పెట్టుబడి తాను పెడతానన్నాడు మా మేనమామ, లాభంలో సగం పొత్తుకు. ఇంకో వారంలో శుక్రమూఢం వస్తుందని, వస్తే మూడు నెలలు ముహూర్తాలుండవని అయ్యగారు పంచాంగం చూసి చెప్పడంతో, చేతికి పైస అందకముందే పునాది తీశాం. మామ స్వయంగా వచ్చి కొబ్బరికాయ కొట్టి, పదిమంది ముందర, "నువ్వు గోడలు లేపు అల్లుడా, రేకులు, మిషను నా మీద ఇడిసిపెట్టు" అన్నాడు. ఒక కాగితం రాసుకుంటే మంచిదేమోనని మా ఆయన ఆ రోజే నాతో అంటే, నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. తండ్రిలా పెంచినవాడిని కాగితం అడగడమంటే నా పుట్టింటి ముఖాన ఉమ్మినట్టేనన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

గోడలు లేస్తుంటే ఊళ్ళో వాళ్ళు ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నవ్వేవారు. నవ్వకుండా మాతో నిలబడ్డది తండా అన్న ఒక్కడే. లంబాడీ తండా నుంచి ఇటుకలు తోలడానికి వచ్చి, గిర్నిలో మిషను మీద పని నేర్పిస్తామంటే ఇక మమ్మల్ని వదల్లేదు. తన ఎడ్లతో, తన బండితో, కూలి కూడా అడగకుండా పనిచేశాడు. ఇంటికి పోయి వాళ్ళ భాషలో పెళ్ళానికి మిషను సంగతులు ఎట్లా చెప్పేవాడో మాకు చేసి చూపించేవాడు.

గోడలు పూర్తయ్యాక మామ కబురంపాడు. కొత్త పొత్తు పైసలు మూఢంలో గడప దాటకూడదు, మూఢం వెళ్ళగానే ఇస్తానని. మేమూ పట్టింపులున్నవాళ్ళమే, తప్పుగా తోచలేదు. ఆ మధ్యలో నేను మానుకోట పోయాను. వంటింట్లో అత్తమ్మ, మామ భార్య, వెల్లుల్లి ఒలుస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. ఆ డబ్బు మామ సారా వేలం పాటలో పెట్టాడు, అది తిరిగి రాదు, నీ మొగనికి ఎట్లా చెప్పుకుంటావో చెప్పుకో బిడ్డా అని.

నేను చెప్పుకోలేదు. పాసింజరు బండెక్కి జనగామలో దిగేదాకా ఏ మాటతో మొదలుపెట్టాలా అనుకుంటూనే వచ్చాను. స్టేషన్‌కు ఎదురొచ్చిన మా ఆయన ముఖం చూశాక నోరు పెగల్లేదు. మామ ఎట్లాగైనా సర్దుతాడనుకున్నాను, మూఢం ఇంకా వెళ్ళలేదు కదా అనుకున్నాను. అన్నిటికంటే, నా పుట్టింటి పరువు నా నోటితో తీయలేకపోయాను. ఇరవై రోజులు గడిచాయి. ఆ ఇరవై రోజుల్లోనే మిషను బేరం చేసిన వరంగల్లు దుకాణం వాడు, ముందుగా బయానా కట్టకపోతే అది ఇంకొకరికి పోతుందన్నాడు. మొదలుపెట్టిన పనికి మూఢం అడ్డు రాదు కదా అంటూ, మామ డబ్బు రాగానే ఇచ్చేయమని, తండా అన్న తన ఎడ్ల జత అమ్మి తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు. నేను వాళ్ళిద్దరికీ చాయ్ ఇచ్చి లోపలికి వచ్చేశాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

మూఢం వెళ్ళింది. మా ఆయన మానుకోటకు మూడుసార్లు పోయారు. రెండుసార్లు మామ ఇంట్లో లేడు. మూడోసారి దొరికి, అరుగు మీది నుంచి లేవకుండానే, "నేనేమన్న కాయితం రాసిచ్చిన్నా?" అన్నాడట. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. గడువుకు మిగతా సొమ్ము కట్టలేదని బయానా పోయింది. రేకుల్లేని గోడలు ఆ వానాకాలమే నాని, ఒక్కొక్కటే కూలాయి. ఎడ్లు లేని తండా అన్న, బొగ్గుబాయిల పనులు మొదలయ్యాయని విని, పెళ్ళాం పిల్లలతో భూపాలపల్లి పోయాడు. పోయేటప్పుడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

మా ఆయన మళ్ళీ గుమస్తాగిరీకే పోయి, నాలుగేళ్ళు బీడీ కూడా మానేసి ఎడ్ల జత డబ్బు కూడబెట్టారు. భూపాలపల్లి బస్సెక్కి, వెతుక్కుంటూ గుడిసె దాకా పోతే, తండా అన్న జ్వరంతో పోయి అప్పటికి ఆరు నెలలు. ఆయన పెళ్ళాం ఆ డబ్బు వైపు చూసి, "ఎడ్లిస్తే తోలెటోడేడి పటేలా?" అందట. డబ్బు పిల్లవాడి దోసిట్లో పెట్టి వచ్చారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా బతికిన మనిషి గిర్ని అన్న మాట మా ఇంట్లో ఎత్తలేదు. మీ మామ అని ఎన్నడూ నన్ను దెప్పలేదు. ఆయన పోయే ముందు దవాఖానలో చేయి పట్టుకుని కూర్చున్న ఆ నాలుగు రోజులూ చెబుదామనే అనుకున్నాను, చెప్పలేదు.

నిన్న మనవరాలికి చెప్పాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. అది ఫోన్ తీసుకుని బాల్కనీలోకి పోయి, ముందుగా మరోచోట ఉద్యోగం వచ్చిన ఆ అబ్బాయికే చేసింది. పెట్టుబడి రావడం లేదని, ఆ ఉద్యోగంలో చేరిపొమ్మని చెప్పడం నాకు వినబడింది.

ఇప్పుడు మూఢాన్ని ఎవరూ అడ్డం పెట్టుకోరు, కొబ్బరికాయలు కొట్టి మాటివ్వరు, అన్నిటికీ కాగితాలున్నాయి, అయినా మాట తప్పేవాళ్ళు తప్పుతూనే ఉన్నారు. మా గిర్ని ఎట్లాగూ లేచేది కాదు, అది నాకు ఎప్పుడో తెలుసు. కానీ ఆ రోజు జనగామ స్టేషన్లో నేను నోరు విప్పి ఉంటే, తండా అన్న ఎడ్లు ఎప్పటిలాగే ప్రతి సాయంత్రం ఆయన కొట్టానికే వచ్చి ఉండేవి.